రామప్ప గుడిని కొలిచిన సాయిబు

1993 జనవరి. అయోధ్యలో మసీదు కూలి నెల దాటింది. మేం ఏడో తరగతిలో వున్నాం. బడివాళ్లు మమ్మల్ని వరంగల్ ఖిల్లా చూడ్డానికి తీసుకుపోయారు. నాలుగు తోరణాల నడుమ పడివున్న చెక్కుడు రాళ్ల మీద కూచుని పులిహోర తింటున్నాం. సాంఘికశాస్త్రం చెప్పే సారు ఆ రాళ్లు చూపించి, "ఇక్కడ పెద్ద గుడి వుండేది, తురకలు పడగొట్టిన్రు" అన్నారు. అంతటితో ఆగితే అది పాఠమే. ఆయన మావైపు తిరిగి నవ్వుతూ "మీవాళ్లే గదా" అన్నారు. క్లాసులో సాయిబుల పిల్లలం ముగ్గురం. నలభై తలకాయలు ఆ ముగ్గురి మీదికీ తిరిగాయి. పులిహోర గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి అబ్బాని అడిగాం. అబ్బా దర్జీ. మిషన్ ఆపకుండానే అన్నాడు: "హమ్ కాయ్‌కు తోడ్తే బేటా? హమారే పాస్ ఖైంచీ హై, హతోడా నై." మనమెందుకు పడగొడతాం బిడ్డా, మన దగ్గరున్నది కత్తెర, సుత్తె కాదు అని. ఆ రాత్రికి ఆ జవాబు చాలింది. తర్వాత చాలలేదు.

ఆ "మీవాళ్లే" అన్న మాటకు మనవాళ్లు సాధారణంగా రెండు జవాబులు చెప్తారు. ఒకటి, మా నవాబులు ఫలానా గుడికి మాన్యమిచ్చారు, ఫలానా దేవుడికి నగలిచ్చారు అని జాబితా చదవడం. మా నవాబులు! బర్కత్‌పురాలోనో బోధన్‌లోనో అద్దె ఇంట్లో వుండేవాడికి నవాబు ఎప్పుడు చుట్టమయ్యాడో అడగకూడదు. రెండోది, తల దించుకుని వూరుకోవడం. ఎన్నో యేళ్లు మేం రెండోదే చేశాం. మూడో జవాబు ఒకటి వుందని తెలిసేసరికి మాకు నలభై దాటింది. అది జవాబు కూడా కాదు. ఒక మనిషి బతుకంతా చేసిన పని.

2021 జూలై 25న రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పత్రికలన్నీ పేజీలు నింపాయి. మాకూ ఒక వ్యాసం రాయమని పురమాయింపు వచ్చింది. పాత ఫోటోల కోసం వెతుకుతుంటే ఒక పుస్తకం తగిలింది. 'ద టెంపుల్స్ ఎట్ పాలంపేట'. భారత పురావస్తు శాఖ ప్రచురించిన మెమాయిర్లలో ఆరోది. 1922. రచయిత గులాం యజ్దానీ.

పేరు రెండుసార్లు చదువుకున్నాం. సిగ్గుపడ్డాం కూడా. పొద్దున లేస్తే ఉర్దూ పత్రిక, పడుకునేముందు తెలుగు పత్రిక చదివే మాకు ఈ పేరు అజంతా దగ్గర ఎక్కడో విన్న గుర్తేగాని రామప్ప దగ్గర వినలేదు. ఆ వారం వచ్చిన వ్యాసాల్లో మేం చూసిన వేటిలోనూ ఆ పేరు లేదు. వున్న జాగాలో మేం రాసిందీ రెండు వాక్యాలే. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాం.

యజ్దానీ 1885లో ఢిల్లీలో పుట్టాడు. అరబ్బీ, పారశీకం చదువుకున్నవాడు. 1914లో నిజాం సర్కారు పురావస్తు శాఖ పెట్టినప్పుడు దాన్ని నడిపే బాధ్యత ఆయనకిచ్చారు. దాదాపు మూడు దశాబ్దాలు ఆ పని చేశాడు. అప్పటి హైదరాబాద్ సంస్థానమంటే ఎనిమిది తెలంగాణ జిల్లాలతోపాటు మరాఠ్వాడా, బీదరు, రాయచూరు, గుల్బర్గా. ఒక్క రాజ్యంలోనే అజంతా, ఎల్లోరా, రామప్ప, వేయిస్తంభాల గుడి, గోలకొండ, బీదరు ఖిల్లా. ఏ మతంవాడు ఏ రాయి పెట్టాడో విడదీసి చూసే అలవాటున్నవాడికి అది తలనొప్పి కొలువు.

ఆ అలవాటును ఇంగ్లీషువాళ్లు అప్పటికే మన నెత్తికెక్కించారు. జేమ్స్ ఫెర్గూసన్ 1876లో భారతీయ వాస్తు చరిత్ర రాస్తూ కట్టడాల్ని జాతుల లెక్కనా మతాల లెక్కనా పంచాడు. బౌద్ధం ఇటు, జైనం అటు, ద్రావిడం మరోచోట, "సారసెనిక్" అని మసీదులూ సమాధులూ చివర్లో. తర్వాత పెర్సీ బ్రౌన్ 1942లో దాన్ని రెండు సంపుటాలుగా ఖాయం చేశాడు. ఒకదాని మీద బౌద్ధ హిందూ, రెండోదాని మీద ఇస్లామీ కాలం. మన కాలేజీ లైబ్రరీల్లో ఆ రెండు పుస్తకాలూ ఇప్పటికీ వేరు వేరు అరల్లో వుంటాయి. పాకిస్తాన్ ఇంకా పుట్టకముందే పుస్తకాల బీరువాలో సరిహద్దు గీశారన్నమాట.

యజ్దానీ రాసిన పుస్తకాల్ని ఆ అరల్లో సర్దాలంటే కుదరదు. పాలంపేట గుడి మీద ఒకటి. మాండూ మీద ఒకటి, 1929లో. అజంతా మీద నాలుగు భాగాలు. బీదరు మీద రెండు. రాయగిరి, మౌలాలి రాక్షసగుళ్లలో దొరికిన కుండల మీది గీతల గురించి 1917లోనే ఒక వ్యాసం. ఏ బీరువాలో పెడతారు?

శాఖ మొదలైన యేడాదికే ఒక సంఘటన జరిగింది. 1915లో రాయచూరు జిల్లా మస్కి దగ్గర బంగారం కోసం తిరిగే బీడన్ అనే ఇంజనీరు కంట ఒక శాసనం పడింది. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో "దేవానాం పియ" అని బిరుదే వుండేది. ఈ రాతిలో అశోకుడు అని పేరు కనిపించింది. ఆ దేవానాంపియుడూ బౌద్ధ గ్రంథాల అశోకుడూ ఒకరేనన్న వూహకు రాతి సాక్ష్యం దొరికింది. హెచ్. కృష్ణశాస్త్రి దాన్ని చదివి పరిష్కరిస్తే హైదరాబాద్ పురావస్తు గ్రంథమాల మొదటి సంచికగా అదే అచ్చయింది. తురక రాజ్యమని పేరుపడ్డచోట, సాయిబు నడిపే శాఖ మొట్టమొదట అచ్చేసింది అశోకుడి మాట. దీన్ని గొప్పగా చెప్పుకోవాలని కాదు. అప్పుడు యజ్దానీకి అది గొప్పగా తోచి వుండదు. శాసనం దొరికింది, చదవగలిగే పండితుడున్నాడు, అచ్చు వేశారు. మామూలు సంగతి. మామూలు సంగతి వింతగా కనబడే కాలంలో మనం బతుకుతున్నాం, అదీ గోడు.

పాలంపేట దగ్గరికొద్దాం. గుడి దగ్గరి శాసనం శక సంవత్సరం 1135 నాటిది, అంటే 1213. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని అది చెప్తుంది. లండన్‌లో వుండే పండితుడు లయొనెల్ బార్నెట్ చదివి పరిష్కరించిన పాలంపేట, ఉప్పరపల్లి శాసనాలు 1919లో అదే గ్రంథమాలలో వచ్చాయి. శాసనం చదివితే తారీఖు తెలుస్తుంది, కట్టించినవాడు తెలుస్తాడు. గుడి తెలియదు. గుడిని తెలుసుకోవాలంటే కొలవాలి. ఎత్తైన అరుగు మీద గుడి ఎట్లా నిలబడింది, మంటపానికి మూడు దిక్కులా వాకిళ్లు ఎట్లా వచ్చాయి, స్తంభం మీద దూలం ఎట్లా కూచుంది, ఎర్రరాతి గోడల నడుమ చూరు కింద నల్లరాతి నర్తకులు ఏ కోణంలో వొంగి వున్నారు, ఇదంతా గీతల్లోకీ కొలతల్లోకీ ఫోటోల్లోకీ దించాలి. అప్పుడు పాలంపేటకు ఇప్పటిలా రోడ్డు లేదు. చుట్టూ అడవి. యజ్దానీ పుస్తకం అక్కడికి పోయి, ఆ పని చేసి, తిరిగొచ్చి రాసిన పుస్తకం.

వాస్తు చరిత్రకారుడి పని బయటివాళ్లకు చప్పగా కనిపిస్తుంది. స్తంభం పొడవు ఇన్ని అడుగులు ఇన్ని అంగుళాలు అని పేజీలకు పేజీలు. కాని ఆ చప్పిడి పేజీలే గుడిని కాపాడతాయి. పునాది కుంగితే ఎంత కుంగిందో తెలియాలంటే ముందు ఎక్కడ వుండేదో ఎవరో రాసిపెట్టి వుండాలి. బొమ్మ పోతే పోయిన బొమ్మ ఏదో చెప్పడానికి పాత ఫోటో వుండాలి. నూరేళ్ల తర్వాత ఒక అంతర్జాతీయ సంస్థ ముందు ఈ గుడి గొప్పదని వాదించేవాళ్లకు కూడా ఎక్కడో ఒకచోట ఇట్లాంటి మొదటి మెట్టు వుండాలి. భక్తుడు దండం పెట్టి పోతాడు. దుర్మార్గుడు విగ్రహం ఎత్తుకు పోతాడు. టేపు పట్టుకుని వచ్చేవాడు మూడో రకం మనిషి. రామప్పకు ఆ మూడో మనిషి ఐదుపూటలా నమాజు చదివే ఇంట పుట్టినవాడు కావడం ఎవర్నీ తక్కువ చెయ్యదు.

అజంతా కథ తెలిసినవాళ్లు ఎక్కువ కాబట్టి కొంచెం తొందరగా చెప్తాం. 1909 నుంచి 1911 దాకా చలికాలాల్లో క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే ఇంగ్లీషు చిత్రకారిణి అజంతా బొమ్మలకు నకళ్లు గీయించింది. ఆమె వెంట కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ హల్దార్ వంటివాళ్లు వచ్చారు. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు సయ్యద్ అహ్మద్, ముహమ్మద్ ఫజ్లుద్దీన్. నందలాల్ పేరు కళాచరిత్ర నిండా వుంది. ఈ ఇద్దరి పేర్లు వెతుక్కోవాలి. తర్వాత సయ్యద్ అహ్మద్ ఆ గుహల దగ్గరే వుండి బుద్ధుడి బొమ్మలకు కాపలాదారూ నకలుదారూ అయ్యాడు.

యజ్దానీ శాఖ 1920లో ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణుల్ని రప్పించింది. గోడల నుంచి పెచ్చులుగా వూడిపోతున్న పూతను వాళ్లు తిరిగి అతికించారు. ఆ పని జరగకపోతే ఎన్నో బొమ్మలు దుమ్ములో కలిసేవి. అయితే వాళ్లు పైన పూసిన లక్క వార్నిష్ కొన్నేళ్లకు పసుపెక్కి ముదిరింది. బొమ్మల అసలు రంగులు దాని కింద మసకబారాయి. దాన్ని తొలగించడానికి తర్వాతి తరాల నిపుణులు దశాబ్దాలు కష్టపడ్డారు. ఇది కూడా చెప్పాలి. మనవాడని నెత్తిన పెట్టుకునే తొందరలో తప్పుల్ని చాప కిందికి తోస్తే మనం విమర్శించేవాళ్లకీ మనకీ తేడా ఏముంది?

అజంతా గ్రంథం మొదటి భాగం 1930లో, రెండోది 1933లో, మూడోది 1946లో, నాలుగోది 1955లో వచ్చాయి. తారీఖులు ఒకసారి చూడండి. మొదటి భాగం వచ్చినప్పుడు బ్రిటిష్ రాజ్యం, నిజాం రాజ్యం. చివరి భాగం వచ్చేసరికి రెండూ లేవు. మధ్యలో దేశం రెండైంది. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది, నిజాం పాలన పోయింది. ఆ సెప్టెంబర్ తర్వాత తెలంగాణలో, మరాఠ్వాడాలో, బీదరు వైపు పల్లెల్లో సాయిబుల ఇళ్లల్లో ఏం జరిగిందో మన నానీలు గుసగుసగా చెప్పుకున్నారు, పుస్తకాల్లోకి చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ రోజుల్ని కూడా దాటి ఒక ముసలాయన జాతక కథల బొమ్మల మీద నాలుగో భాగం పూర్తి చేశాడు. ఏ మనసుతో చేశాడో మనకు చెప్పలేదు. పుస్తకంలో బొమ్మల గురించే వుంటుంది.

ఇక్కడే ఆయనతో మాకు ఒక తగాదా వుంది. 1940 నుంచి 1942 దాకా సంగారెడ్డి దగ్గర కొండాపురంలో తవ్వకాలు జరిపించాడు. శాతవాహనుల కాలపు ఊరు బయటపడింది. నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు, ఇటుక గోడలు. తెలంగాణకు ప్రాచీన చరిత్ర వుందని చెప్పుకోవడానికి ఇవ్వాళ మనం చూపించే మొదటి సాక్ష్యాల్లో అదొకటి. కాని అదే కాలంలో అదే తెలంగాణ పల్లెల్లో వెట్టి నడుస్తోంది. తవ్వకానికి గడ్డపార పట్టినవాడు ఎవడు? గంప మోసినామె ఎవరు? ఆ శాఖకు డబ్బు ఎవరి మాలుగుజారీ నుంచి వచ్చింది? ఆ కాలపు పురావస్తు పుస్తకాల్లో రాయి వుంటుంది, రాజు వుంటాడు, శిల్పి అక్కడక్కడా వుంటాడు, రాయి మోసినవాడు వుండడు. యజ్దానీ ఒక్కడి తప్పు కాదది, ఆ విద్య తప్పు. అయినా అడగాల్సిందే. దూదేకులవాళ్లూ కసాబులూ ఫకీర్లూ దర్జీలూ వున్న మా జమాతు చరిత్ర ఏ ఖిల్లా గోడ మీదా చెక్కలేదు. గులాం యజ్దానీని తలకెత్తుకోవడమంటే ఏడో నిజాంని తలకెత్తుకోవడం కాదని ఎవరికైనా అనుమానముంటే ఇక్కడితో తీరాలి.

రెండో తగాదా బీదరు గురించి. ఆ వూరంటే యజ్దానీకి ప్రాణం. 1917లో చిన్న పుస్తకం రాశాడు. ముప్ఫై యేళ్లకు, 1947లో, పెద్ద గ్రంథం 'బీదర్: ఇట్స్ హిస్టరీ అండ్ మాన్యుమెంట్స్' వచ్చింది. ఖిల్లా గోడలూ కందకమూ దర్వాజాలూ మొదలుకుని ఊళ్లోని మసీదులూ మఠాలూ సమాధులూ దాకా ఒక్కోటీ కొలిచి, శాసనం వుంటే చదివి, బొమ్మ వేసి పెట్టాడు. బీదరు మీద ఆ తర్వాత కలం పట్టినవాళ్లెవరూ ఆ పుస్తకం తెరవకుండా ముందుకు పోలేదు. జార్జ్ మిషెల్, మార్క్ జెబ్రౌస్కీ 1999లో దక్కన్ సుల్తానుల వాస్తు మీద రాసిన గ్రంథానికి కూడా అది ఆధారాల్లో ఒకటి.

కాని బీదరు వాస్తుకు మూలం వెతకాల్సి వచ్చిన ప్రతిసారీ యజ్దానీ చూపు ఇరాన్ వైపూ ఖురాసాన్ వైపూ పోతుంది. 1472లో మహమూద్ గావాన్ కట్టించిన మదరసా విషయంలో అది న్యాయమే. గావాన్ గీలాన్ నుంచి వచ్చినవాడు. ఆ మినారూ రంగుల పలకల పనీ సమర్‌కంద్ వైపు చుట్టాలే. మా బాధ వేరు. బయటనుంచి వచ్చామని శత్రువు అంటే పౌరుషం వస్తుంది, మన పెద్దలే అంటే మురిపెం వస్తుంది. మేం అరబ్బులం, మేం ఇరానీలం, మా ఖాందాన్ బుఖారాది అని చెప్పుకునే అష్రాఫ్ గోలకు ఇట్లాంటి పండిత చూపు కూడా ఎరువేసింది. నల్లగొండలో పుట్టి, తాత ముత్తాతలు నల్లగొండ మట్టిలోనే కలిసిన దూదేకుల పిల్లాడు ఆ ఖురాసాన్‌తో ఏం చేసుకోవాలి?

జవాబు మళ్లీ బీదరులోనే వుంది, ఖిల్లా అవతల అష్టూరులో. బహమనీ సుల్తానుల సమాధులు అక్కడ వరసగా వున్నాయి. రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చిన అహ్మద్ షా సమాధి లోపల గోడలూ గుమ్మటమూ బంగారు, సింధూర రంగుల రాతతో నిండి వుంటాయి. ఇరాన్ సూఫీ షా నిమతుల్లా గురుపరంపర అందులో వుంది. అంటే రాత ఇరాన్‌దే. కాని ఆ సమాధి దగ్గర ఉర్సు జరిగేది హిజ్రీ లెక్కన కాదు, హోళీ తర్వాత లెక్క కట్టి. గుల్బర్గా జిల్లా మడియాల్ నుంచి జంగమయ్య శంఖంతో, గుర్రంతో, వెంట జనంతో వచ్చి పూలు ఎక్కిస్తాడు. లింగాయతులు ఆ సుల్తానులో అల్లమప్రభువుని చూస్తారు, మనవాళ్లు వలీని చూస్తారు. గోడ మీద రాత చదివితే ఇరాన్ కనిపిస్తుంది. గోడ ముందు నిలబడ్డ జనాన్ని చూస్తే దక్కన్ కనిపిస్తుంది. వాస్తు చరిత్రలో ఈ రెండో చదువు యజ్దానీ తర్వాతి తరాలకు గాని నిండుగా రాలేదు.

ఇప్పుడు కష్టమైన మాట. యజ్దానీ చాలా కాలం 'ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా' అనే శాసన పత్రికకు సంపాదకుడు. దేశంలోని అరబ్బీ, పారశీక శాసనాలు అందులో అచ్చయ్యేవి. 1919-20 సంచికలో బోధన్ శాసనాలు ఆయనే ప్రకటించాడు. బోధన్‌లో దేవల్ మసీదు వుంది. పేరులోనే రెండూ వున్నాయి. నక్షత్రం ఆకారంలో వున్న పాత గుడిని తుగ్లక్ కాలంలో మసీదు చేశారు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరున్న రాత అక్కడే వుంది. యజ్దానీ దాన్ని దాచలేదు, మెత్తబరచలేదు. శాసనం ఏముందో అది అచ్చేశాడు.

ఇది చదివినప్పుడు మొదట మాకు గుండె జారింది. సారు అన్నమాట నిజమేనన్నమాట. వరంగల్‌లో కూడా అంతే. 1323లో ఉలుగ్ ఖాన్ సైన్యం కాకతీయుల స్వయంభూ శివాలయాన్ని కూల్చింది. అబ్బా చేతిలో కత్తెరే వుంది, ఉలుగ్ ఖాన్ చేతిలో సుత్తె వుంది. ఇద్దర్నీ "మీవాళ్లే" అనే ఒక్క మాటలో కట్టడం అన్యాయం, కాని రాళ్లు పడివున్నాయన్నది అబద్ధం కాదు.

ఆ నిజాయితీ ఎక్కడ పనికొచ్చిందో తర్వాత తెలిసింది. ముస్లిం పాలకులు 60,000 గుళ్లు కూల్చారని హిందూత్వ ప్రచారకులు ఒక అంకె చెప్తూ వుంటారు. అమెరికన్ చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2000లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. శాసనాలు, నాటి చరిత్ర గ్రంథాలు అన్నీ జల్లెడ పట్టి, 1192 నుంచి 1729 దాకా గట్టి సాక్ష్యం వున్న ఘటనలు 80 లెక్క తేల్చాడు. ఎక్కువ భాగం ఓడిన రాజు అధికారానికి గుర్తుగా వున్న గుళ్ల మీద, రాజ్యాన్ని ఆక్రమించే వేళ జరిగినవని చూపించాడు. ఆ 80లో బోధన్ వుంది. దానికి ఆధారం యజ్దానీ సంపాదకత్వంలోని ఆ పత్రికే. బోధన్ శాసనాన్ని ఆనాడు యజ్దానీ మొహమాటపడి పక్కన పెట్టివుంటే ఈనాడు ఈటన్ లెక్కను ఎవరూ నమ్మేవారు కాదు. మనకు చేదైన శాసనం మనవాడే అచ్చేశాడు కాబట్టే 60,000 అనేవాడి ముందు 80 అని నిలబడి చెప్పగలుగుతున్నాం. ఎనభై కూడా తక్కువేం కాదు. ఎనభై చోట్ల ఎవరో ఏడ్చి వుంటారు.

పురావస్తు విద్యను ఇంకో రకంగా వాడ్డం కూడా మన కళ్లముందే జరిగింది. 1992 డిసెంబర్ 6న ముందు మసీదు కూలింది, తవ్వకం తర్వాత వచ్చింది, 2003లో. 2019 తీర్పు మసీదు కూల్చడం చట్టవిరుద్ధమంటూనే ఆ స్థలాన్ని గుడికి ఇచ్చింది. ప్రార్థనా స్థలాలు 1947 ఆగస్టు 15న ఎట్లా వున్నాయో అట్లాగే వుండాలని 1991లో పార్లమెంటు చట్టం చేసినా, 2023లో జ్ఞానవాపిలో సర్వే జరిగింది. టేపు అదే, కెమెరా అదే. రామప్పలో టేపు పట్టినవాడు గుడిని నిలబెట్టడానికి కొలిచాడు.

తిరిగి ఖిల్లాకు పోదాం. యజ్దానీ కాలంలోనే, 1932లో, హైదరాబాద్ గ్రంథమాల తొమ్మిదో సంచికగా హీరానంద శాస్త్రి రాసిన 'షితాబ్ ఖాన్ ఆఫ్ వరంగల్' వచ్చింది. షితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి. తెలుగువాడు, బిరుదు ఖాన్. 1504 నాటి ఆయన సంస్కృత శాసనం ఖిల్లాలో దొరికింది. అంతకుముందు తొలగిపోయిన దేవతామూర్తుల్ని తిరిగి నిలిపానని అందులో వుంది. మా సారుకి ఈ ఖాన్‌ని చూపిస్తే ఎవరివాడనేవారో! కూల్చినవాడి పేరు ఖాన్, నిలబెట్టినవాడి పేరూ ఖాన్.

ఈ దారిలో ముందుకు పోయినవాడు ఫిలిప్ వాగనర్. తెలుగు నేర్చుకుని 'రాయవాచకము'ను ఇంగ్లీషులోకి తెచ్చిన అమెరికన్ వాస్తు చరిత్రకారుడు. 1996లో రాసిన వ్యాసంలో విజయనగర రాజుల దుస్తుల్ని పట్టుకున్నాడు. హిందూరాయ సురత్రాణ అని బిరుదు, అంటే హిందూ రాజుల్లో సుల్తాను. కొలువులో తలకు కుళ్లాయి, వొంటికి కబాయి. కుళ్లాయి శ్రీనాథుడి చాటువు పుణ్యాన తెలుగు పాఠకులకు తెలుసు. అది పారశీక కులాహ్, కబాయి అరబ్బీ ఖబా. అబ్బాకి చెప్తే ఆశ్చర్యపోలేదు. "బట్ట కుట్టేవాడికి ఎవరి మతం ఏంది, కొలతలే గదా" అన్నాడు.

వాగనర్, ఈటన్ కలిసి 2014లో 'పవర్, మెమరీ, ఆర్కిటెక్చర్' అనే గ్రంథం తెచ్చారు. కల్యాణి, రాయచూరు, వరంగల్ వంటి చోట్ల ఒక పాలకుడి కట్టడాన్ని తర్వాతి పాలకుడు కూల్చడం, వాడుకోవడం, గుర్తుపెట్టుకోవడం ఎట్లా జరిగిందో అందులో వుంది. షితాబ్ ఖాన్ పేరుతో చెప్పుకునే ఖుష్ మహల్ అసలు తుగ్లక్ కాలపు దర్బారు భవనమని వాగనర్ అంతకుముందే మరో పరిశోధకుడితో కలిసి చూపించాడు. గుడిని కూల్చిన తుగ్లకులు నాలుగు తోరణాల్ని ఎందుకు వదిలేశారు? వాటిని తమ కొత్త కేంద్రానికి వాకిళ్లుగా నిలుపుకున్నారని వాళ్ల వివరణ. అంటే మేం పులిహోర తిన్న చోట కూల్చడమూ జరిగింది, నిలపడమూ జరిగింది, ఒకే చేత్తో. ఆ తోరణం 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది, లోపల చార్మినార్‌తో సహా.

యజ్దానీ చివరి పెద్ద పని 1960లో రెండు సంపుటాలుగా వచ్చిన 'ఎర్లీ హిస్టరీ ఆఫ్ ద దక్కన్'. ఆయన సంపాదకుడు. వరంగల్ కాకతీయుల అధ్యాయం నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ కలిసి రాశారు. కాకతీయుల మీద పరిశోధన చేసే తెలుగు విద్యార్థి ఇవ్వాళ్టికీ ఆ అధ్యాయం చదవకుండా అడుగు వెయ్యడు. ఆ అధ్యాయాన్ని రాయించి, సంపాదించి, అచ్చుకిచ్చినవాడి పేరు మాత్రం అట్ట మీద చదివి పేజీ తిప్పేస్తాడు.

రామప్ప వ్యాసంలో మేం ఆ పేరు రాసి ఇచ్చినప్పుడు డెస్కులో ఒక మిత్రుడు, మంచివాడే, కాపీ చూస్తూ అడిగాడు: "అన్నా, ఈయన పార్టిషన్‌ల పాకిస్తాన్ పోయిండా?" పోలేదని చెప్పాం. ఇక్కడే వుండి అజంతా నాలుగో భాగం పూర్తి చేశాడని, 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చిందని, 1962లో చనిపోయాడని చెప్పాం. మిత్రుడు తలూపి, జాగా చాలక ఆ పేరా కుదించాడు. రెండు వాక్యాలు మిగిలాయి.